ప్రాబబ్లీ: ఆమోదం నుంచి అంచనా దాకా ఒక మాట చరిత్ర

ఒక సంగతి కాకపోవడం కన్నా అయ్యే అవకాశమే ఎక్కువని చెప్పడానికి ఇంగ్లీషువారు వాడే మాటల్లో 'ప్రాబబ్లీ' అనే క్రియావిశేషణం ముఖ్యమైనది. దీనికి అర్థం 'బహుశా' అని తెలుగు పాఠకులకు బడి చదువుల నాటి నుంచే తెలుసు. మాటల మధ్యలో ఈ పదాన్ని ఉన్నదున్నట్టుగా దొర్లించేవారూ తక్కువేమీ కాదు. అయితే 15వ శతాబ్దం మధ్యలో ఈ పదం ఇంగ్లీషు రాతల్లో తొలిసారి కనిపించినప్పుడు దానికి ఈ అర్థం లేదు. బుద్ధిమంతులు ఒప్పుకోదగిన తీరులో, ఆధారం చూపి నిలబెట్టగలిగిన విధంగా, అన్నదే ఆనాటి అర్థం. ఒక పండితుడు 'ప్రాబబ్లీ' వాదించాడంటే ఆయన వాదంలో అనుమానం ఉందని కాక, అది నమ్మదగినట్టుగా సాగిందని అప్పటివారు గ్రహించేవారు. 'తెలిసిన ఆధారాలను బట్టి చూస్తే జరిగే అవకాశమే ఎక్కువ' అనే నేటి అర్థం 17వ శతాబ్దపు రెండో దశకానికి గాని కనిపించదు. ఆమోదాన్ని చెప్పే మాట అంచనాను చెప్పే మాటగా మారిన ఈ క్రమం, దేన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, ఎవరి మాట మీద నమ్మాలి అన్న ప్రశ్నలకు ఐరోపా సమాజం వేర్వేరు కాలాల్లో చెప్పుకున్న సమాధానాలతో ముడిపడి ఉంది.

లాటిన్ మూలం, గ్రీకు నేపథ్యం

లాటిన్‌లో 'ప్రోబుస్' అంటే మంచి, నాణ్యమైన అని అర్థం. దాని నుంచి వచ్చిన 'ప్రొబారె' అనే క్రియకు పరీక్షించి చూడడం, పరీక్షలో నిలిచినదాన్ని మంచిదని ఒప్పుకోవడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఆ క్రియ నుంచి పుట్టిన 'ప్రొబాబిలిస్' అనే విశేషణానికి 'ఒప్పుకోదగినది' అని అర్థం. రుజువు చేయడమనే అర్థంలోని 'ప్రూవ్', ఆమోదించడమనే అర్థంలోని 'అప్రూవ్' కూడా ఈ కుటుంబానికి చెందినవే. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు పనికి తగినవారో కారో చూసే 'ప్రొబేషన్' గడువు, వీలునామా అసలైనదేనని కోర్టు ధ్రువీకరించే 'ప్రొబేట్' తెలుగునాట ఆఫీసుల్లోనూ కోర్టుల్లోనూ నిత్యం వినిపించే మాటలు. పరీక్షించి ఒప్పుకోవడమనే పాత అర్థం ఆ రెండింటిలోనూ చెక్కుచెదరకుండా నిలిచి ఉండగా, 'ప్రాబబ్లీ' మాత్రం పుట్టింటికి చాలా దూరం వచ్చేసింది.

'ప్రొబాబిలిస్' అనే లాటిన్ పదానికి తాత్త్వికమైన బరువు తెచ్చినవాడు క్రీ.పూ. 1వ శతాబ్దంలో జీవించిన రోమన్ వక్త సిసిరో. గ్రీకు తత్త్వశాస్త్రాన్ని లాటిన్‌లో చెప్పబూనిన ఆయన, ప్లేటో అకాడమీకి ఆచార్యుడైన కార్నియాడీస్ వాడిన 'పిథనోన్' అనే గ్రీకు మాటకు, అంటే 'నమ్మించగలిగినది' అనే దానికి, ఈ పదాన్ని ఎంచుకున్నాడు. క్రీ.పూ. 155లో ఏథెన్స్ రాయబారిగా రోమ్ వచ్చిన కార్నియాడీస్ ఒకనాడు న్యాయానికి అనుకూలంగానూ మరునాడు వ్యతిరేకంగానూ ప్రసంగించి రోమన్ పెద్దలను కలవరపరిచినట్టు ప్రసిద్ధి. నిశ్చయమైన జ్ఞానం మనిషికి దొరకదని ఆయన సిద్ధాంతం. దొరకనంత మాత్రాన బతుకు ఆగదు కాబట్టి, నమ్మించగలిగిన దాన్ని మెట్లు మెట్లుగా పరీక్షిస్తూ దాని ప్రకారం నడుచుకోవాలని ఆయన చెప్పాడు.

ఈ మెట్లను వివరించడానికి ఆ సంప్రదాయంలో వాడిన ఉదాహరణను తర్వాతి కాలపు గ్రీకు రచయిత సెక్స్‌టస్ ఎంపిరికస్ నమోదు చేశాడు. చీకటి గదిలో చుట్టగా పడి ఉన్న తాడును చూసి పామనుకున్న మనిషి మొదట దాన్ని దాటి దూకుతాడు. వెనక్కి తిరిగి చూస్తే అది కదలదు కాబట్టి పాము కాదేమోనన్న వైపు మనసు మొగ్గుతుంది. అయితే చలికాలంలో పాములు కూడా కదలకుండా పడి ఉంటాయని గుర్తుకొచ్చి కర్రతో పొడిచి చూస్తాడు. అప్పటికీ చలనం లేకపోతే పాము కాదని ఒప్పుకుంటాడు. వేదాంత గ్రంథాల్లోని రజ్జుసర్ప దృష్టాంతం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ ఉదాహరణ కొత్త కాదు. అద్వైతులు దాన్ని భ్రాంతి స్వరూపం చెప్పడానికి వాడగా, కార్నియాడీస్ సంప్రదాయం నమ్మకం ఒక్కో పరీక్షతో ఒక్కో మెట్టు ఎలా ఎక్కుతుందో చెప్పడానికి వాడింది. 'ప్రాబబ్లీ' వెనుక ఉన్న మొదటి భావం ఇదే: పరీక్షకు నిలిచినంత మేరకు ఒప్పుకోవడం.

మధ్యయుగంలో ఆప్తవాక్యం

పశ్చిమ రోమన్ సామ్రాజ్యం పతనమైన కొద్దికాలానికి తత్త్వవేత్త బొయీథియస్ అరిస్టాటిల్ తర్కగ్రంథాలను లాటిన్‌లోకి అనువదిస్తూ, పెద్దలో పండితులో అంగీకరించిన అభిప్రాయాలను సూచించే గ్రీకు పదానికి 'ప్రొబాబిలియా' అనే మాటను వాడాడు. దానితో ఈ పదం పరీక్ష కన్నా పెద్దల ఆమోదం వైపు ఎక్కువగా ఒరిగింది. మధ్యయుగపు విశ్వవిద్యాలయాల్లో జ్ఞానాన్ని రెండుగా విడదీసేవారు: తిరుగులేని నిరూపణతో సిద్ధించేది శాస్త్రం, అలాంటి నిరూపణ లేనిది అభిప్రాయం. 'ప్రొబాబిలిస్' అనే గుణం ఈ రెండో దానికి చెందింది. గౌరవనీయుడైన ఆచార్యుడు గాని ప్రామాణిక గ్రంథం గాని సమర్థించిన అభిప్రాయమే ఆ గుణం కలది. భారతీయ తర్కపరిభాషలో చెబితే, ఈ పదం ఆనాడు అనుమాన ప్రమాణం కన్నా ఆప్తవాక్యానికి, అంటే నమ్మదగినవారి మాటకు, దగ్గరగా ఉండేది.

తత్త్వవేత్త ఇయాన్ హాకింగ్ 1975లో ప్రచురించిన సంభావ్యత ఆవిర్భావ చరిత్రలో ఈ సంగతిని గట్టిగా ముందుకు తెచ్చాడు. సాక్ష్యాన్ని బట్టి నమ్మకాన్ని తూచడమనే భావం 1660 ప్రాంతానికి ముందు ఈ పదంలో లేదని ఆయన వాదం. తర్వాతి పండితులు ఆ గీతను అంత స్పష్టంగా గీయలేమన్నారు. 2001లో వచ్చిన జేమ్స్ ఫ్రాంక్లిన్ గ్రంథం మధ్యయుగపు న్యాయశాస్త్రాన్ని ఉదాహరణగా చూపింది: ఆనాటి ఐరోపా న్యాయవేత్తలు ఇద్దరు సాక్షులు చెబితే పూర్తి రుజువనీ, ఒక్కడే చెబితే సగం రుజువనీ లెక్కగట్టేవారు. రుజువును సూచించే 'ప్రొబాషియో' కూడా ఇదే ధాతువు నుంచి వచ్చిందని గుర్తుంచుకుంటే, నమ్మకాన్ని భాగాలుగా కొలిచే అలవాటు జూదపు బల్ల కన్నా ముందే న్యాయస్థానంలో మొదలైందని చెప్పవచ్చు.

ఇంగ్లీషులో ఇరుగుపొరుగు మాటలు

'ప్రాబబుల్' అనే విశేషణం 14వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. 'ప్రాబబ్లీ' ఆ తర్వాతి శతాబ్దంలో దాన్ని అనుసరించింది. అప్పటికే ఆ భాషలో అనిశ్చయాన్ని చెప్పే మాటలకు కొదవ లేదు. 'లైక్లీ' అనేది స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి నార్స్ భాషా సంపద. పోలిక ఉన్నది అనే అర్థం నుంచి అది నిజాన్ని పోలినది అనే అర్థానికి చేరింది. 'పర్‌హాప్స్' లోని రెండో సగం కూడా నార్స్ మాటే. దానికి అదృష్టం, తటస్థించినది అని అర్థం. 'పర్‌చాన్స్', 'పెరడ్వెంచర్' అనేవి ఫ్రెంచి పాలకుల కాలపు వారసత్వం. 'మేబీ' మాత్రం 'కావచ్చు' అనే అచ్చమైన క్రియారూపమే గట్టిపడి ఒక్క మాటైంది.

ఈ ఇరుగుపొరుగు మాటలు పుట్టిన చోట్లను చూస్తే వాటి మధ్య తేడా తెలుస్తుంది. 'పర్‌హాప్స్', 'పర్‌చాన్స్' అదృష్టం నుంచి వచ్చాయి, 'లైక్లీ' పోలిక నుంచి వచ్చింది, 'ప్రాబబ్లీ' పరీక్ష నుంచీ ఆమోదం నుంచీ వచ్చింది. అందుకే ఇది మొదట పండితుల మాట, చర్చి మాట, న్యాయవాదుల మాట. సామాన్యుల నోట పడడానికి దీనికి చాలా కాలం పట్టింది. నేటి ఇంగ్లీషులో కూడా 'పర్‌హాప్స్' అన్నవాడు ఒక అవకాశాన్ని ఎత్తిచూపి ఊరుకోవచ్చు గాని, 'ప్రాబబ్లీ' అన్నవాడు ఒక పక్షం వైపు మొగ్గినట్టే లెక్క.

అర్థంతో పాటు వ్యాకరణంలో దీని స్థానం కూడా మారింది. తొలినాళ్లలో ఈ క్రియావిశేషణం పని జరిగిన తీరును చెప్పేది: నమ్మదగినట్టుగా వాదించాడు, ఆధారంతో నిలబెట్టాడు, అన్నట్టుగా క్రియను మాత్రమే విశేషించేది. 17వ శతాబ్దం నుంచి అది మొత్తం వాక్యం మీద వక్త ఇచ్చే తీర్పుగా మారింది. వాన కురిసే తీరును గాక, వాన కురుస్తుందన్న మాటను వక్త ఎంతవరకు పూచీపడి చెబుతున్నాడో తెలిపే పదమైంది. వ్యాకర్తలు ఇలాంటి వాటిని వాక్యవిశేషణాలంటారు. ఈ మార్పుతో నమ్మకపు భారం చెప్పిన పెద్దల నుంచి, చెబుతున్న వక్త మీదికి వచ్చి పడింది.

ఒక మతవివాదం

పాత అర్థానికి గట్టి దెబ్బ తగిలింది కేథలిక్ నీతిశాస్త్రంలో చెలరేగిన వివాదంలోనే. స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో బోధించిన డొమినికన్ సన్యాసి బార్తొలొమే దె మెదీనా 1577లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఒక పని చేయవచ్చునా కూడదా అన్న సందేహం వచ్చినప్పుడు, చేయవచ్చుననే అభిప్రాయం 'ప్రొబాబిలిస్' అయితే, దానికి ఎదురైన అభిప్రాయం అంతకన్నా ఎక్కువ బలమైనదైనా సరే, మొదటిదాన్ని అనుసరించడం పాపం కాదని ఆ సూత్రం చెబుతుంది. దీనికి ప్రాబబిలిజం అనే పేరు వచ్చింది. పాపనివేదన వినే గురువులకు ఇది అక్కరకొచ్చింది. జెస్యూట్ సంఘంలోని నీతిశాస్త్రకారులు చాలామంది దీన్ని స్వీకరించారు. అయితే ఒక అభిప్రాయం ఒప్పుకోదగినది కావడానికి పేరున్న పండితుడు ఒక్కడు చెప్పినా చాలునన్న వ్యాఖ్యానాలు బయలుదేరడంతో, ఏ పనికైనా ఎక్కడో ఒక పండితుడి మద్దతు వెతుక్కొనే వీలు ఏర్పడింది.

ఫ్రెంచి గణితవేత్త, మతచింతకుడు బ్లేజ్ పాస్కల్ 1656 నుంచి 1657 వరకు మారుపేరుతో వెలువరించిన 18 లేఖల్లో ఈ ధోరణిని నిశితంగా ఎగతాళి చేశాడు. ఇద్దరు పండితులు ఒకరికొకరు పూర్తిగా ఎదురైన మాటలు చెప్పినా రెండూ ఒప్పుకోదగినవేనంటే, ఇక ఆ మాటకు విలువేముందన్నది ఆయన ప్రశ్న. 1679లో పోప్ 11వ ఇన్నొసెంట్ సడలిన నీతికి చెందిన 65 ప్రతిపాదనలను ఖండించాడు. ప్రాబబిలిజం తర్వాత కూడా సవరించిన రూపాల్లో కొనసాగింది గాని, పండితుడి పేరు చూపితే చాలు ఒప్పుకోవాలన్న భావన విద్యావంతుల దృష్టిలో మునుపటి గౌరవాన్ని తిరిగి పొందలేదు.

పాచికల నుంచి లెక్కలోకి

ఆ లేఖలకు రెండేళ్ల ముందే, 1654లో, అదే పాస్కల్ మరో గణితవేత్త పియెర్ ద ఫెర్మాతో ఉత్తరాల ద్వారా ఒక జూదపు సమస్యను చర్చించాడు. ఆట మధ్యలో ఆగిపోతే పందెపు సొమ్మును ఇద్దరు ఆటగాళ్లకు న్యాయంగా ఎలా పంచాలన్నది ఆ సమస్య. ఆట సాగి ఉంటే ఏయే విధాలుగా ముగిసేదో లెక్కించి, ఎవరికి ఎన్ని విధాలు అనుకూలమో చూసి పంచాలని వారు తేల్చారు. 1657లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఈ విషయం మీద అచ్చైన మొదటి గ్రంథాన్ని రాశాడు. అయినా అప్పటికి ఈ లెక్క అవకాశాలను, ఆశించదగిన లాభాన్ని గురించినదే; దాన్ని 'ప్రాబబిలిటీ' అనే పేరుతో కలిపే పని ఇంకా జరగలేదు.

ఆ కలయికకు తొలి ఆనవాలు 1662లో ప్యారిస్‌లో వెలువడిన పోర్ట్ రాయల్ తర్కగ్రంథం. ఆంట్వాన్ ఆర్నో, పియెర్ నికోల్ రాసిన ఆ పుస్తకం చివరి అధ్యాయాల్లో, ఉరుము వింటేనే అతిగా భయపడేవారి ఉదాహరణ వస్తుంది. పిడుగుపాటుతో చనిపోయేవారు చాలా అరుదు కాబట్టి, భయం అపాయపు తీవ్రతకే గాక అది సంభవించే అవకాశానికి కూడా తగినట్టుగా ఉండాలని ఆ రచయితలు బోధించారు. ఒప్పుకోవడానికి పెద్దల పేరు చాలదు, ఎంత తరచుగా జరుగుతుందో చూడాలి అన్న కొత్త దృష్టి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అదే సంవత్సరం లండన్‌లో జాన్ గ్రాంట్ మరణాల పట్టీలను లెక్కగట్టి జనాభా మీద పుస్తకం ప్రచురించడం, తరచుదనాన్ని అంకెల్లో చూసే అలవాటు మరోవైపు నుంచి కూడా బలపడుతున్నదనడానికి నిదర్శనం.

ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ 1690 నాటి గ్రంథంలో ఒక మాట ఒప్పుకోదగినది కావడానికి రెండు ఆధారాలు చూపాడు: అది మన అనుభవానికి పొసగడం ఒకటి, చూసినవారి సాక్ష్యం మరొకటి. ఈ రెండూ పరస్పరం ఢీకొనే సందర్భానికి ఆయన చెప్పిన కథ ప్రసిద్ధమైనది. తమ దేశంలో చలికాలంలో నీళ్లు ఏనుగు నడిచినా విరగనంత గట్టిగా గడ్డకడతాయని డచ్ రాయబారి సయాం రాజుకు చెబితే, అంతవరకు ఆయన చెప్పిన వింతలన్నీ నమ్మిన రాజు ఇప్పుడు మాత్రం అబద్ధమని తేల్చేశాడట. రాజు తీర్పు తప్పైనా ఆయన తర్కం తప్పు కాదన్నది ఇక్కడి మెలిక. తనకు తెలిసినంతలో అది నమ్మదగని మాటే. నమ్మదగినదనే గుణం విషయంలోనే ఉండక, తెలుసుకొనేవాడి అనుభవం మీద ఆధారపడుతుందని ఈ కథ చెప్పకనే చెబుతుంది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చెందిన యాకోబ్ బెర్నూలీ జూదపు లెక్క, సాక్ష్యాన్ని తూచడం అనే రెండు ధారలనూ ఒక్కటి చేశాడు. ఆయన 1705లో మరణించగా, 1713లో వెలువడిన ఆయన గ్రంథం సంభావ్యతను నిశ్చయత్వంలో ఒక భాగంగా, పూర్ణాంకంలో భిన్నం వంటిదిగా నిర్వచించింది. పరిశీలనలు పెరిగేకొద్దీ లెక్కగట్టిన తరచుదనం అసలు విలువకు దగ్గరపడుతుందని నిరూపించింది. ఉత్సాహం కొందరిని హద్దులు కూడా దాటించింది: 1699లో జాన్ క్రెయిగ్ అనే గణితవేత్త, కాలం గడిచేకొద్దీ సాక్ష్యపు బలం తగ్గుతుందన్న లెక్కతో క్రీస్తు చరిత్ర మీది నమ్మకం 3150 నాటికి మాయమవుతుందని తేల్చాడు. 1763లో థామస్ బేస్ వ్యాసం, 1814లో లాప్లాస్ తాత్త్విక వ్యాసం వచ్చేసరికి ఈ పదం గణితంలో స్థిరపడింది. అయినా పాత అర్థం వెంటనే చావలేదు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో రాసిన చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబన్, ఒక సంగతి 'ప్రాబబుల్' అయినా నిస్సందేహంగా అబద్ధమేనని రాయగలిగాడని హాకింగ్ ఎత్తిచూపాడు; నేటి అర్థంలో అది పొసగని వాక్యం, పాత అర్థంలో మాత్రం పెద్దలు చెప్పినా నిజం కాదన్న మామూలు మాట.

కోర్టులో, వాతావరణ కార్యాలయంలో

ఈ మాట భారతదేశానికి చట్టం రూపంలో గట్టిగా చేరింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టం 3వ సెక్షన్, ఏది రుజువైనట్టో నిర్వచిస్తూ, కోర్టు దాన్ని నమ్మాలి, లేదా వివేకవంతుడైన మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉన్నదనే భావించి నడుచుకోదగినంతగా 'ప్రాబబుల్' అని తలచాలి అంది. రుజువును సంభావ్యతతో నిర్వచించిన ఈ సెక్షన్‌లో రెండు పదాలూ ఒకే లాటిన్ ధాతువుకు చెందినవే కావడం గమనార్హం. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల కోర్టులు ఈ చట్టం కిందే నడిచాయి. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నిర్వచనాన్ని నిలుపుకుంది.

క్రిమినల్ కేసుల్లో సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు కావాలనీ, సివిల్ దావాల్లో రెండు పక్షాల వాదాల్లో ఏది ఎక్కువ నమ్మదగినదో తూచితే చాలుననీ కోర్టులు పాటించే సూత్రం ఈ తూనికకు చెందినదే. 1947లో ఇంగ్లండులో లార్డ్ డెన్నింగ్ ఒక తీర్పులో దీన్ని తేటతెల్లం చేశాడు: కాకపోవడం కన్నా అయ్యుండే అవకాశమే ఎక్కువని తోస్తే దావా నెగ్గుతుంది, రెండూ సమానమైతే నెగ్గదు. అంటే సగానికి అటూ ఇటూ ఉన్న ఒక వెంట్రుకవాసి మీద ఆస్తుల భవితవ్యం ఆధారపడుతుంది.

ఈ మాట సామాన్య ప్రజల రోజువారీ జీవితంలోకి ప్రభుత్వ ముద్రతో రావడం వాతావరణ సూచనల ద్వారా జరిగింది. అమెరికాలో 1870లో సైన్యపు సిగ్నల్ సర్వీసు కింద వాతావరణ విభాగం ఏర్పడగా, 1871 నుంచి ఖగోళవేత్త క్లీవ్‌లాండ్ ఆబీ టెలిగ్రాఫ్ సమాచారం ఆధారంగా రోజువారీ ప్రకటనలు వెలువరించాడు. భవిష్యత్తు చెబుతున్నారన్న నింద రాకుండా వాటికి 'ప్రాబబిలిటీస్' అని పేరు పెట్టారు. పత్రికలు చదివేవారు ఆబీకి 'ముసలి ప్రాబబిలిటీస్' అనే ముద్దుపేరు తగిలించారు. 1876లో ఆ పేరును 'సూచనలు' అనే అర్థమిచ్చే మాటతోనూ, 1889లో 'ఫోర్‌కాస్ట్' తోనూ మార్చారు. 1960ల మధ్య నుంచి ఆ దేశంలో వాన పడే అవకాశాన్ని శాతాల్లో ప్రకటించడం మొదలైంది.

మాటకు ఎంత శాతం?

మాటకూ అంకెకూ మధ్య ఉన్న అగాధం 1951లో ఒక అధికారికి కొట్టొచ్చినట్టు కనిపించింది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అంచనాల విభాగంలో పనిచేసే షెర్మన్ కెంట్, ఆ ఏడాది యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడి జరగడానికి 'తీవ్రమైన అవకాశం' ఉందని తెలిపే నివేదికను వెలువరించాడు. దాని అర్థమేమిటని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, నూటికి 65 వంతుల అవకాశమని కెంట్ జవాబిచ్చాడు. ఆ అధికారి అంతకన్నా చాలా తక్కువగా భావించినట్టు తేలింది. కెంట్ తన సహచరులను విడివిడిగా అడిగి చూస్తే, ఒకే వాక్యానికి అందరూ కలిసి సంతకం చేసినా, వారి మనసుల్లోని అంకెలు 20 నుంచి 80 శాతం దాకా ఉన్నాయి.

1964లో ప్రచురించిన వ్యాసంలో కెంట్ ఈ మాటలకు ఒక కొలబద్ద ప్రతిపాదించాడు: 'ప్రాబబుల్' అంటే దాదాపు 75 శాతం, అటూ ఇటూ 12, 'దాదాపు నిశ్చయం' అంటే 93, అవకాశాలు సమానం అంటే 50. సంస్థలోని రచయితల్లో అంకెలను కోరే 'గణితజ్ఞులు', మాటల స్వేచ్ఛను కోరే 'కవులు' అనే రెండు వర్గాలున్నాయని ఆయన చమత్కరించాడు. కవులదే చివరికి పైచేయి అయింది. అంకె లేని మాట ఎంత ప్రమాదమో అంతకుముందే తేలింది: 1961లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి ముందు అమెరికా సైనిక నిపుణులు విజయానికి 'ఫెయిర్ చాన్స్' ఉందని రాస్తే, వారి ఉద్దేశంలో అది ఓటమి వైపే ఎక్కువ మొగ్గే మాట. చదివినవారికి మాత్రం ఆశ కలిగించింది. ఆ దాడి విఫలమైంది.

వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం ఐపీసీసీ 2001 నివేదిక నుంచి ఇలాంటి కొలబద్దను పట్టుదలగా పాటిస్తోంది. దాని నివేదికల్లో 'లైక్లీ' అంటే 66 శాతం కన్నా ఎక్కువ, 'వెరీ లైక్లీ' అంటే 90 శాతం కన్నా ఎక్కువ. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో మాత్రం 'లైక్లీ' అంటే 25 నుంచి 50 శాతం, 'వెరీ లైక్లీ' అంటే 50 నుంచి 75 శాతం, 'మోస్ట్ లైక్లీ' అంటే 75 శాతం పైన. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడు కోస్తా జిల్లాల రైతులకూ మత్స్యకారులకూ తెలుగు వార్తల్లో చేరే 'భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది' అన్న వాక్యం వెనుక ఈ మెట్లున్నాయి. తెలుగులో మెట్లన్నీ కలిసిపోయి ఒక్క 'అవకాశం' మిగలడం వల్ల, పడవ కట్టేయాలా, కోసిన వరి కుప్ప వేయాలా అన్నది తేల్చుకోవలసిన వారికి అసలు కావలసిన సమాచారం అందకుండా పోతుంది.

దీనికి పూర్తిగా ఎదురైన వాడుక ప్రకటనల్లో కనిపిస్తుంది. డెన్మార్క్‌కు చెందిన కార్ల్స్‌బర్గ్ కంపెనీ 1970ల నుంచి బ్రిటన్‌లో తన బీరు ప్రపంచంలోకెల్లా మంచిదని చెప్పుకుంటూ, వాక్యం మొదట 'ప్రాబబ్లీ' చేర్చింది. 2009లో బ్రిటన్ బస్సుల మీద దేవుడు లేడని చాటిన నాస్తికుల ప్రకటనలోనూ ఇదే పదం ఉంది. దాని మీద ఫిర్యాదులు వచ్చినా ప్రకటనల ప్రమాణాలను చూసే సంస్థ నియమాలు ఉల్లంఘించలేదని తేల్చింది. ఒకప్పుడు రుజువు ఉందని చెప్పడానికి పుట్టిన మాట ఇక్కడ రుజువు అడగవద్దని చెప్పే డాలుగా మారింది.

తెలుగు వైపు నుంచి

తెలుగులో దీనికి స్థిరపడిన 'బహుశా' అనే మాట నడిచిన దారి వేరు. సంస్కృతంలో 'బహుశః' అంటే అనేకసార్లు, పలువిధాలుగా అని అర్థం; చాలాసార్లు జరిగేది ఈసారి కూడా జరగవచ్చునన్న ఊహతో అది తెలుగులో అనుమానాన్ని చెప్పే మాటైంది. ఐరోపా పదం ఆమోదం దగ్గర బయలుదేరి 17వ శతాబ్దంలో తరచుదనాన్ని చేరుకుంటే, తెలుగు మాట తరచుదనం దగ్గరే బయలుదేరింది. అయితే తెలుగువాడు అనిశ్చయాన్ని చెప్పడానికి ఎక్కువగా వాడేది ఈ సంస్కృత పదాన్ని కాదు. 'కాబోలు', 'ఏమో', '-వచ్చు', 'అనుకుంటా' వంటి దేశి రూపాలనే. ఇవి వాక్యం చివర క్రియను అంటిపెట్టుకొని వస్తాయి కాబట్టి, సంగతంతా చెప్పాక దాని మీద వక్త పెట్టే పూచీ తేలుతుంది.

సంభావ్యతా శాస్త్రానికి భారతీయ చింతనతో ఉన్న సంబంధాన్ని వెతికినవారూ ఉన్నారు. భారత గణాంక సంస్థ వ్యవస్థాపకుడు పి.సి. మహలనోబిస్ 1950ల్లో, ఏ మాటైనా ఒకానొక దృష్టిలోనే నిజమని చెప్పే జైనుల స్యాద్వాదాన్ని గణాంకశాస్త్రపు పునాదులతో పోల్చి వ్యాసం రాశాడు. అదే సంస్థలో ఎదిగిన సి.ఆర్. రావు 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, అంచనాలో తప్పు ఎంతకన్నా తగ్గదో చెప్పే ప్రసిద్ధ ఫలితాన్ని 1945లో ప్రచురించిన శాస్త్రవేత్త. అనిశ్చితమైన జ్ఞానానికి, అందులోని అనిశ్చయం ఎంతో తెలిపే జ్ఞానాన్ని జోడిస్తేనే అది ఉపయోగపడే జ్ఞానమవుతుందని ఆయన బోధించాడు. ఐదున్నర శతాబ్దాలకు పైబడిన 'ప్రాబబ్లీ' చరిత్ర సారాంశం ఆ సూత్రంలో ఇమిడి ఉంది.

ఈ పదం తన చరిత్రలో ఏ దశలోనూ ఆధారం లేనివాడికి ఆశ్రయంగా పుట్టలేదు. కార్నియాడీస్ కాలంలో అది పరీక్షను కోరింది, మధ్యయుగంలో ప్రామాణికుడి పేరును కోరింది, బెర్నూలీ తర్వాత లెక్కను కోరింది, న్యాయస్థానంలో ఈనాటికీ వివేకవంతుడు నమ్మి నడుచుకోదగిన సాక్ష్యాన్ని కోరుతోంది. ఏ ఆధారమూ చూపకుండా, ఎంతవరకో చెప్పకుండా దాన్ని వాడడం ఇటీవలి అలవాటే. వార్త రాసేవారైనా, తుపాను హెచ్చరికను తెలుగు చేసేవారైనా, తీర్పును వివరించేవారైనా 'బహుశా' అని గాని 'అవకాశం ఉంది' అని గాని రాసినప్పుడు, ఏ ఆధారంతో, ఎంత మేరకు అన్న రెండు సంగతులను పక్కనే చేర్చడం పాఠకులకు వారు తీర్చవలసిన బాకీ.